గోదారి గట్టున... అడవి బాటలో!

సిద్దిపేటకు నది లేదు. కోమటిచెరువు ఉంది, కూడవెల్లి వాగుంది, కోహెడ వైపు వెళ్తే మోయతుమ్మెద వాగుంది. వానాకాలం నాలుగు రోజులు గలగలమని, తర్వాత ఇసుక తేలిపోయే వాగులే అన్నీ. పుష్కరాలొస్తే మూటాముల్లె సర్దుకుని ధర్మపురికో కాళేశ్వరానికో బయల్దేరాల్సిందే. అలాంటి ఊరి పొలిమేరకు 2020 ఏప్రిల్‌లో గోదావరే నడిచొచ్చింది. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి పంపులు నీళ్లు వదిలిన రోజున జనం ట్రాక్టర్లు కట్టుకుని వెళ్లి మరీ చూశారు. ఇప్పుడు ఆదివారం సాయంత్రమైతే ఆ కట్ట మీద పిల్లల కేరింతలే!

మరి ఆ నీళ్ల సొంతూరు ఎలా ఉంటుంది? కాలువల్లో, సొరంగాల్లో ఒదిగి ప్రవహించే గోదారి కాదు... అడవిని చీల్చుకుంటూ, గట్లు కోసుకుంటూ, ఇష్టమొచ్చినట్టు మలుపులు తిరిగే గోదారి. దాన్ని చూడాలంటే కారు తీసి ఈశాన్యం వైపు తిప్పాలి. కాళేశ్వరం దగ్గర నదిని అందుకుని, మేడారం అడవుల్లో దూరి, ఏటూరునాగారం దగ్గర వంతెన దాటి, వాజేడు - వెంకటాపురం - చర్ల మీదుగా భద్రాచలం. తెలుగునేల మీద ఇంత పొడవున నదీ, అడవీ కలిసి నడిచే దారులు తక్కువే. హోటళ్లు తక్కువ, పెట్రోలు బంకులు ఇంకా తక్కువ. సెల్‌ఫోన్ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు!

వాగు చూపిన దారి

తెల్లవారుజామున ఐదింటికి సిద్దిపేటలో బయల్దేరితే రాజీవ్ రహదారి మీద ఎండ ముదరకముందే కరీంనగర్ దాటేయొచ్చు. ఈ దారి గురించి కొత్తగా చెప్పేదేముంది? నాలుగు వరసల రోడ్డు, మధ్యలో టోల్‌గేటు, ఇడ్లీ బండ్లు. అలుగునూరు దగ్గర మానేరు వంతెన ఎక్కినప్పుడు మాత్రం ఒక్క క్షణం పక్కకు చూడాలి. దుబ్బాక వైపు కురిసిన వాన కూడవెల్లి వాగులో పడి, నర్మాల దగ్గర ఎగువ మానేరులో చేరి, అక్కడి నుంచి మధ్య మానేరు, దిగువ మానేరు దాటి ఈ వంతెన కిందుగానే పోతుంది. మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. అంటే సిద్దిపేట నీళ్లకు గోదారి దారి ఎప్పట్నుంచో తెలుసు. తిరిగి పైకెక్కే దారే లేదు. సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తులో ఉన్న మేడిగడ్డ నుంచి 618 మీటర్ల ఎత్తులోని కొండపోచమ్మ సాగర్ దాకా మెట్టు మెట్టుగా నీటిని ఎత్తేలా కాళేశ్వరం పథకాన్ని కట్టింది అందుకే. ఆ మెట్లలో రంగనాయకసాగర్ ఒకటి.

పెద్దపల్లి దాటి మంథని వైపు తిరిగాక వరి పొలాల మధ్య గుట్టలు మొదలవుతాయి. మంథనిలో గౌతమేశ్వరాలయం ముందు మెట్లు దిగితే గోదావరి. ఆ తర్వాత కాటారం. అక్కణ్నుంచే దారి రంగు మారుతుంది. పొలం తగ్గి టేకు పెరుగుతుంది. ఎదురొచ్చే కార్లు తగ్గి లారీలు పెరుగుతాయి. మహదేవపూర్ ఊళ్లో మగ్గాల చప్పుడు వినిపిస్తే ఆగొచ్చు. అడవిలో మద్దిచెట్ల మీద పెంచే పురుగుల గూళ్ల నుంచి తీసిన దారంతో నేసే దసలి పట్టుకు ఇది పేరున్న చోటు.

కాళేశ్వరం చేరేసరికి సిద్దిపేట నుంచి దాదాపు 190 కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. ఒకరు కాళేశ్వరుడు, అంటే యముడు. ఇంకొకరు ముక్తీశ్వరుడు. ముక్తీశ్వర లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీళ్లు సంగమంలో కలుస్తాయని భక్తుల నమ్మకం. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు, 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు ఈ ఘాట్లు కిక్కిరిశాయి.

దర్శనమయ్యాక చాలామంది వెనక్కి తిరిగిపోతారు. కాస్త ఓపిక చేసుకుని సంగమం దగ్గర నిలబడితే ఓ సంగతి తెలుస్తుంది. మనం గోదావరి అనుకునే నదిలో, ఇక్కణ్నుంచి కిందకు, ప్రాణహిత వాటా చాలా పెద్దది. వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగల నీళ్లన్నీ మోసుకొచ్చే ఈ నది గోదావరికున్న ఉపనదుల్లో అతి పెద్దది. నాగపూర్ అవతల ఎక్కడో కురిసిన వాన భద్రాచలంలో రాముడి గుడి మెట్లు ఎక్కేది దీని భుజాల మీదనుంచే. మేడిగడ్డ బ్యారేజీని ఈ సంగమానికి దిగువనే కట్టడానికీ కారణం అదే.

ఆ బ్యారేజీ కథ అందరికీ తెలిసిందే. 2019 జూన్‌లో ప్రారంభం. 2022 జూలై వరదలో కన్నెపల్లి, అన్నారం పంపుహౌజులు మునిగాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాయి. ఎవరి తప్పెంత అన్న గొడవ మొదటి పేజీల్లో రోజూ నలిగిందే. ఆ తర్వాత పై ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసిన నీళ్లే సిద్దిపేట వైపు వచ్చాయి. ఒడ్డున నిలబడి చూసినవాళ్లకు మాత్రం అన్నిటికన్నా ముందు కళ్లబడేది ఆ నది వెడల్పు. ఎండాకాలంలో ఇసుక మైదానం మధ్య రెండు పాయలు. ఆగస్టులో అవతలి ఒడ్డు కనిపించని ఎర్రటి సముద్రం. ఒకే నది... రెండు రూపాలు!

నది కనిపించని అడవి

మేడిగడ్డ నుంచి నది వెంటే వెళ్లిపోదామంటే కుదరదు. పలిమెల వైపు ఊళ్లకు రోడ్డుంది కానీ ఆ పైన అడవి దట్టం. కొత్తవాళ్లు కారుతో సాహసాలు చేసే చోటు కాదు. వెనక్కి కాటారం వచ్చి కాల్వపల్లి, బయ్యక్కపేట మీదుగా మేడారం వెళ్లాలి. జాతరప్పుడు కరీంనగర్, సిద్దిపేట వైపు జనం ఎడ్లబండ్ల కాలం నుంచీ నడిచిన అడవి దారుల్లో ఇదీ ఒకటి. రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి, ఈ దారి మీద బండి వెనక బండి. మిగతా రోజుల్లో అరగంటకో మోటారు సైకిలు.

ఇక్కడ కారు అద్దాలు దించేయాలి. ఏసీ కట్టేయాలి. మార్చి, ఏప్రిల్‌లో అయితే ఇప్పపూల వాసన మత్తుగా కమ్ముకొస్తుంది. తెల్లారకముందే బుట్టలతో చెట్ల కింద చేరిన ఆడవాళ్లు, పిల్లలు కనిపిస్తారు. ఏప్రిల్ చివర, మే నెలల్లో రోడ్డు పక్కన ఎండబెట్టిన తునికాకు కట్టలు వరసలు వరసలుగా. అడవి పల్లెల్లో ఏడాది మొత్తానికి చేతిలో డబ్బు ఆడేది ఆ నాలుగు వారాలే. అందుకే ఆ కట్టల మీదకు టైరు ఎక్కిస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

తాడ్వాయి, ఏటూరునాగారం చుట్టూ 800 చదరపు కిలోమీటర్లకు పైబడి విస్తరించిన అభయారణ్యం ఇది. చిరుతలు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు, దుప్పులు, కొండగొర్రెలు ఉన్నాయి. సఫారీ పార్కులో మాదిరి వరసలో వచ్చి కనిపిస్తాయనుకుంటే నిరాశే మిగులుతుంది. చాలామందికి కనిపించేవి కోతులూ, నెమళ్లూ. అదృష్టం బాగుంటే రోడ్డుకు అడ్డంగా దూకే దుప్పి. ఆ దుప్పికీ అదృష్టం ఉండాలంటే బండి నలభై దాటకూడదు.

2024 ఆగస్టు 31న ఈ అడవికి పెద్ద దెబ్బే తగిలింది. సుడిగాలి లాంటి పెనుగాలి తాడ్వాయి - మేడారం మధ్య వందల ఎకరాల్లో చెట్లను పడగొట్టేసింది. యాభై వేలకు పైగా చెట్లు నేలకూలాయని లెక్క తేలింది. అది జరిగిన మూడు నెలలకే, డిసెంబరు 4 ఉదయం 7.27కి, ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ జనం ఇళ్లలోంచి బయటకు పరుగులు తీశారు. ఇదేమీ శాపం కాదు. కోట్ల ఏళ్ల కిందట నేల పగిలి కుంగిన లోయలోనే గోదావరి ఇక్కడ పారుతోంది. రామగుండం నుంచి మణుగూరు దాకా బొగ్గు దొరికేది ఆ లోయలోనే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరెళ్లబెట్టి చూసే రాక్షసబల్లి అస్థిపంజరం కోటసారస్ కూడా ఈ ప్రాణహిత - గోదావరి లోయదే. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకన్నా పెద్ద భూకంపమే వచ్చింది.

వాగుదే ముందు మాట

మేడారంలో జంపన్నవాగు వంతెన దగ్గర కారు ఆపి దిగనివాళ్లుండరు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయుల సేనతో పోరాడి ఈ సంపెంగ వాగులో దూకాడనీ, అప్పట్నుంచీ అది జంపన్నవాగైందనీ కథ. జాతర రోజుల్లో లక్షల మంది మునిగే నీళ్లివి. మామూలు రోజుల్లో మోకాలి లోతు. పిల్లలు కాళ్లు తడుపుకుంటారు, ఫొటోలు దిగుతారు.

అదే వాగు 2023 జూలై 27న ఏం చేసిందో చెప్పుకోకుండా ఈ దారి గురించి రాయడం న్యాయం కాదు. అంతకు ముందు 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అప్పటిదాకా ఒక్క రోజులో నమోదైన అతి పెద్ద వాన అది. అంతకు ముందు రికార్డు ఎక్కడిదో తెలుసా? 2013 జూలై 19న 517.5 మిల్లీమీటర్లు... ఇదే దారిలో ముందు రాబోయే వాజేడుది! జంపన్నవాగు గట్లు తెంచుకుని ఏటూరునాగారం మండలంలోని కొండాయి ఊళ్లోకి వచ్చిపడింది. ప్రాణాలు దక్కించుకోవాలని ఇళ్లు వదిలి బయల్దేరినవాళ్లను ప్రవాహం లాక్కుపోయింది. ఎనిమిది మంది చనిపోయారు. దొడ్ల - కొండాయి మధ్య వంతెన కొట్టుకుపోవడంతో ఊరికి రాకపోకలే తెగిపోయాయి. అదే రోజు భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మొత్తాన్నీ ముంచింది. జనం ఇళ్ల పైకప్పులెక్కి గంటల తరబడి నిలబడ్డారు. సాయానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

ఈ ప్రాంతంలో వాగు అనేది దారిలో వచ్చే చిన్న అడ్డంకి కాదు. అదే అసలు అధికారి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లను లోపలికి రానివ్వదు. వెనక్కి తన్నేస్తుంది. అప్పుడు పైన వాన లేకున్నా, ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. పట్నం వాళ్లకు అర్థం కాని లెక్క ఇదే. 'వానే లేదుగా... వెళ్లిపోదాం' అని లోలెవల్ వంతెన మీదకు కారు దించుతారు. పారే నీళ్లు ఒక్క అడుగు ఎత్తున్నా చిన్న కారును తేల్చేయగలవు. రెండడుగులుంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా ఆ ఎర్రనీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు.

ఊరివాళ్లు మ్యాపు చూడరు. ఎదురొచ్చిన బండిని ఆపుతారు. ''అన్నా... ముందట వాగెట్లుంది?'' ఇదే ఇక్కడి పలకరింపు. ''పొద్దుగాల మోకాళ్ల దాకా ఉండె. ఇప్పుడు సెప్పలేం'' అన్నారంటే ఇంజను ఆపి చెట్టు కింద కూర్చోవడమే. పెద్దవాళ్లయితే, ''ఏం తొందర బిడ్డా, వాగు పోయినంక పో'' అంటారు. గంటకు తీయొచ్చు. మర్నాటికి తీయొచ్చు. కారులో వెళ్లేవాళ్లకు అది కాలక్షేపం కథ. నొప్పులు పడుతున్న కోడల్ని మంచం మీద మోసుకుంటూ వాగు ఒడ్డుకొచ్చిన కుటుంబానికి అదే కథ ఇంకోలా ఉంటుంది. ఈ మండలాల నుంచి అలాంటి వార్తలు రాని వానాకాలం లేదు.

ఒక వంతెన... రెండు ఒడ్లు

తాడ్వాయి నుంచి ఏటూరునాగారం దాకా జాతీయ రహదారి. రెండువైపులా చెట్లు కొమ్మలు కలిపి పందిరేసినట్టుంటుంది. తాడ్వాయిలో అటవీశాఖ కుటీరాలున్నాయి. రాత్రికి ఆగాలంటే ఇదే మంచి చోటు. దగ్గర్లోని దామరవాయి గుట్ట మీద పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన వేల ఏళ్లనాటి సమాధులున్నాయి. రాకాసి గుళ్లంటారు స్థానికులు.

ఏటూరునాగారం దాటాక ముల్లకట్ట దగ్గర మళ్లీ నది ఎదురవుతుంది. ఈసారి దర్శనం వంతెన మీదనుంచి. కిలోమీటరుకు పైగా సాగే ఈ వంతెన 2016లో ప్రారంభమైంది. అంతకు ముందు వాజేడు, వెంకటాపురం వాళ్లకు ఎదురుగా కనిపించే ఏటూరునాగారం రావాలంటే పడవ ఎక్కాలి. పడవ నడవని రోజుల్లో భద్రాచలం దాకా వెళ్లి వంతెన దాటి, అవతలి ఒడ్డు పట్టుకుని మళ్లీ పైకి రావాలి. ఎదురింటికి వెళ్లడానికి ఊరంతా చుట్టి రావడమన్నమాట! వంతెన వచ్చిన ఏడాదే జిల్లాలు మారాయి. అప్పటిదాకా ఖమ్మంలో ఉన్న వాజేడు, వెంకటాపురం జయశంకర్ భూపాలపల్లిలో చేరాయి. 2019లో ములుగు జిల్లా వచ్చాక అందులోకి వెళ్లాయి. నది ఒకప్పుడు జిల్లాకు హద్దు. ఇప్పుడు జిల్లా మధ్యలో ఉంది.

వంతెన దాటగానే ఎడమకు వెళ్తే జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్ భూపాలపట్నం వైపు పోతుంది. ఆ వైపునే బొగత జలపాతం. తెలంగాణ నయాగరా అని పేరు పెట్టేశారు. నయాగరాతో పోలికెందుకోగానీ... జూలై, ఆగస్టుల్లో బొగత బొగతలాగే బాగుంటుంది. ప్రవాహం ఎక్కువైతే అటవీ సిబ్బంది సందర్శకులను ఆపేస్తారు. ఆపినప్పుడు వాదనకు దిగేవాళ్లను చూస్తే అక్కడివాళ్లకు నవ్వొస్తుంది.

కుడివైపు తిరిగితే వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం మీదుగా భద్రాచలం. వంద కిలోమీటర్లు దాటిన ఈ దారే అసలు ప్రయాణం. ఒక చేతివైపు గోదారి. ఒక్కోసారి చెట్ల సందుల్లోంచి, ఒక్కోసారి మిరపతోటల అవతల తళుక్కుమంటూ ఉంటుంది. ఇంకో చేతివైపు గుట్టలు. వాటి అవతల ఛత్తీస్‌గఢ్. జనవరి నుంచి మార్చి దాకా వస్తే ఒండ్రు నేలల్లో కళ్లాల నిండా ఎర్రటి మిర్చి. కోతలకు గుట్టలవతల నుంచి పిల్లాపాపలతో కూలీలు వస్తారు. చేను పక్కనే గుడిసె, మూడు రాళ్ల పొయ్యి. వాళ్లు మాట్లాడుకునే కోయ భాష కారులోవాళ్లకు అర్థం కాకపోయినా, నీళ్లడిగితే మాత్రం చెంబు చేతికొస్తుంది.

రోడ్డు గురించి దాచేదేమీ లేదు. కొన్నేళ్లుగా గోదావరి ఇసుక మోసే లారీలు ఈ దారిని చాలాచోట్ల నమిలేశాయి. గుంతల్లో వాననీళ్లు నిలిస్తే లోతెంతో తెలియదు. గంటకు ఇరవై కిలోమీటర్లు వెళ్లినా గొప్పే. అందుకే వెలుతురుండగానే ముగించాలి. టైరు మార్చడం తెలిసినవాళ్లు కారులో ఒకరైనా ఉండాలి. ఏటూరునాగారంలోనే ట్యాంకు నింపుకోవాలి. అన్నం కూడా కట్టుకుంటే మంచిది.

ఇంకోమాట. కుడిచేతి వైపు నదే కాదు, ఎడమచేతి వైపు గుట్టలూ హెచ్చరికలే. వెంకటాపురం, వాజేడు మండలాల సరిహద్దులో కనిపించే కర్రెగుట్టల్లో 2025 ఏప్రిల్ 21 నుంచి మూడు వారాల పాటు మావోయిస్టుల కోసం భద్రతా బలగాలు పెద్ద ఎత్తున గాలింపు జరిపాయి. 31 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో ఈ అడవుల్లోనే కట్టెలకు వెళ్లిన మనిషి మందుపాతర పేలి చనిపోయాడు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు భయం అక్కర్లేదు. సెల్ఫీ కోసమో, తెలియని జలపాతం కోసమో గుట్టలెక్కడం మాత్రం వద్దు.

నదే రోడ్డయిన కాలం

దుమ్ముగూడెం చేరితే అడ్డంగా పాత రాతి ఆనకట్ట. దాని పక్కనే పడవల కోసం కట్టిన కాలువ, లాకులు. అడవి మధ్యలో ఇంత పని ఎవరు, ఎందుకు చేసినట్టు?

ఇప్పుడు నది పక్కన రోడ్డుంది. నూట డెబ్భై ఏళ్ల కిందట నదినే రోడ్డు చేయాలనుకున్నారు. ధవళేశ్వరం కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచన అది. బేరార్ ప్రాంతంలో పండే పత్తిని బండ్ల మీద బొంబాయికి తోలే బదులు, వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో సముద్రం దాకా దించేయొచ్చని ఆయన లెక్క. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయేసరికి ఆ లెక్కకు బలమొచ్చింది. నదిలో పడవలకు అడ్డుతగిలే రాతి వరసలు మూడు. దుమ్ముగూడెం దగ్గర మొదటిది, ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ప్రాణహితలో దేవలమర్రి దగ్గర మూడోది. హెయిగ్ అనే ఇంజినీరు అధికారికి పని అప్పగించారు. దుమ్ముగూడెంలో ఆనకట్ట లేచింది. ఇచ్చంపల్లిలోనూ పని మొదలైంది. జ్వరాలకు కూలీలు నిలవలేదు. వానాకాలంలో పని సాగలేదు. నీళ్లు చాలినంత ఉండేది ఏడాదిలో కొన్ని నెలలే. ఈలోగా రైలు పట్టాలు నాగపూర్ చేరిపోయాయి. 1871లో పథకాన్ని వదిలేశారు.

ఆ రోజుల్లో ఇది ఎంత మూలన ఉన్న నేలంటే... ఇవాళ మనం దాటొచ్చిన వెంకటాపురం, చర్ల ప్రాంతాలు నుగూరు, ఆల్బాక, చర్ల తాలూకాలుగా మధ్యరాష్ట్రాలలో ఉండేవి. కాళేశ్వరానికి ఎదురుగా నది అవతల కనిపించే సిరోంచ వాటికి కేంద్రం. 1909లో మద్రాసు రాష్ట్రంలో కలిశాయి. తర్వాత ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. నది కదలకుండానే ఊళ్లు ఇన్ని రాష్ట్రాలు మారాయి. వెంకటాపురాన్ని పెద్దవాళ్లు నూగూరు వెంకటాపురం అనే అంటారు.

ఆనకట్ట దగ్గర కూర్చుంటే కాసేపట్లో లేవబుద్ధి కాదు. రాళ్ల మీదనుంచి నీళ్లు దూకే చప్పుడు, కొంగలు, వలలు విదిలించే జాలర్లు. కాస్త దూరంలో పర్ణశాల. సీతమ్మ చీరలు ఆరేసిన బండలని చూపిస్తారు. అక్కణ్నుంచి భద్రాచలం ఎంతో దూరం లేదు. రోడ్డు బాగుపడుతుంది. ఫోను మోగడం మొదలవుతుంది. రెండు రోజులుగా అందని వాట్సప్ సందేశాలన్నీ ఒక్కసారి టింగుటింగుమంటాయి.

ఎప్పుడు వెళ్లాలి?

వానల్లో వెళ్తేనే నది అందం అంటారు కొందరు. నిజమే... జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా ఈ దారి అందంగానూ ఉంటుంది, తెగిపోయీ ఉంటుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి మేలు. నదిలో నీళ్లుంటాయి, వాగులు దిగుతాయి, అడవి పచ్చగానే ఉంటుంది. జాతర ఉన్న ఏడాది మాత్రం ఆ పదిహేను రోజులూ మేడారం దారి పట్టకపోవడమే నయం... జాతరకే వెళ్తే తప్ప! వానాకాలం వెళ్లక తప్పదంటే బయల్దేరే ముందు రెండు లెక్కలు కనుక్కోవాలి. ఒకటి ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం పుష్కరఘాట్‌లో నీటిమట్టం. రెండోది భద్రాచలంలో నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రెండోది దాటిందంటే చర్ల, దుమ్ముగూడెం దారుల్లో ఎక్కడో ఒకచోట నీళ్లెక్కుతాయి. సిద్దిపేటలో ఇంట్లో కూర్చుని టీవీలో చూసినా తెలిసిపోయే సంగతిది.

భద్రాచలంలో దర్శనమయ్యాక పిల్లల్ని స్నానఘట్టం దగ్గరకు తీసుకెళ్లి ఆ కొలబద్ద అంకెలు చదివించాలి. ఎండాకాలం నీళ్లు ఎక్కడో అడుగున ఉంటాయి. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986 ఆగస్టులో ఇంకా ఎక్కువ, 75.6 అడుగులు. ఆ ఎత్తు ఎక్కడుంటుందో వేలెత్తి చూపించబోతే తల పూర్తిగా వెనక్కి వంచాల్సి వస్తుంది.

1965లో కట్టిన పాత వంతెన మీద కాసేపు నడిస్తే కింద నది నింపాదిగా పోతూ ఉంటుంది. అందులో నాగపూర్ నీళ్లున్నాయి, బస్తర్ నుంచి దిగిన ఇంద్రావతి నీళ్లున్నాయి, జంపన్నవాగు నీళ్లున్నాయి. ఆ ఏడాది వానలు బాగా పడి నర్మాల మత్తడి దూకి ఉంటే, కూడవెల్లి వాగు నీళ్లు కూడా.